దీవుల ఫొటోలు, పాత నగరాల ఫొటోలు: చూసినవాళ్లు మాట్లాడకుండా లేచిపోతున్నారెందుకు?

కాపురాలగుట్ట
నిరుడు వెనిస్, క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్, మాల్టా, ఇస్తాంబుల్ తిరిగి తెచ్చిన ఫొటోలను ఏరి, నల్లగొండలోనే ఏదైనా హాలులో గోడలకు పెట్టి నలుగురికీ చూపించాలని అనుకుంటున్నాను. దానికి ముందు ఇంటికి వచ్చిన చుట్టాలకు, పాత స్నేహితులకు టీవీ తెర మీద చూపించాను. వెనిస్ కాలువలు, దుబ్రోవ్నిక్ కోటగోడ మీది నుంచి కనిపించే ఎర్రపెంకుల కప్పులు, మాల్టా రాజధాని వాలెట్టాలో సముద్రం దాకా దిగిపోయే మెట్ల వీధులు, ఇస్తాంబుల్ మసీదుల వెనక పొద్దుగూకే ఆకాశం, ఇలా అన్నీ వరుసగా వేశాను. అందరూ బాగున్నాయన్నారు, చాయ్ తాగారు, లేచిపోయారు. ఒకాయన మాత్రం క్యాలెండర్లకు పనికొస్తాయన్నాడు. అది మెప్పో ఎత్తిపొడుపో నాకు ఇప్పటికీ తేలలేదు.

నోరు తెరిచి ప్రశ్న అడిగినవాడు మర్రిగూడ నుంచి వచ్చిన మా మేనమామ ఒక్కడే. "చుట్టూ ఉప్పునీళ్లేనాయె, మరి వీళ్లు తాగేదేంది?" అన్నాడు. నేను నోటితో ఏదో చెప్పాను గానీ, చూపించడానికి ఏరిన ఫొటోల్లో దానికి జవాబుగా ఒక్కటీ లేదు. ఏరకుండా పక్కన పెట్టినవి ఇంకా వందల్లో ఉన్నాయి. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అన్నదే నా ప్రశ్న.

ఛాయాసోముడు
ముందుగా పొద్దుగూకే ఫొటోలన్నీ తీసేయండి. సూర్యుడు పానగల్లు చెరువు మీద కూడా అస్తమిస్తాడు, దానికి వీసా అక్కర్లేదు.

పాలమూరు పాంథుడు
మీ మేనమామ అడిగింది మామూలు ప్రశ్న కాదు, ప్రదర్శన మొత్తానికి వెన్నుపూస అదే. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల్లో పుట్టి పెరిగిన మనిషి, ఫ్లోరైడు నీళ్లు తాగి నడుము వంగిపోయినవాళ్లను కళ్లారా చూసిన మనిషి, ఏ ఊరి ఫొటో చూసినా మొదట నీళ్ల కోసమే వెతుకుతాడు. అందం ఆ తర్వాత కనబడుతుంది.

వెనిస్ సంగతే చూడండి. ఆ నగరం ఉప్పు కయ్యలో చిన్నచిన్న దీవుల మీద నిలబడింది. నేల తవ్వితే వచ్చేది ఉప్పునీరే. అందుకని వాళ్లు ఊటబావి తవ్వలేదు, వానబావి కట్టారు. ఇళ్ల మధ్య ఖాళీ స్థలాన్ని లోతుగా తవ్వి, అడుగునా పక్కలా బంకమట్టి మెత్తి, లోపల ఇసుక నింపి, నడుమ ఇటుకలతో గొట్టంలాంటి బావి లేపారు. పైన పరిచిన బండల్లో అక్కడక్కడ కన్నాలు ఉంటాయి. వాననీరు ఆ కన్నాల్లో దిగి, ఇసుకలో వడగట్టుకుని, నడిమి బావిలోకి చేరేది. వానలు చాలని రోజుల్లో ప్రధాన భూభాగం మీది నదుల నుంచి మంచినీళ్లను పడవల్లో తెచ్చి ఇవే బావుల్లో పోసేవారు. 1884లో గొట్టాల ద్వారా నీళ్లు వచ్చాకే ఈ బావుల అవసరం తీరింది. ఇప్పుడు వాటికి ఇనుప మూతలు వేసి ఉన్నాయి గానీ, చెక్కిన రాతి ఒరలు మాత్రం ప్రతి కూడలిలోనూ కనిపిస్తాయి. మీ వందల ఫొటోల్లో ఏదో ఒక మూల ఒక ఒర ఉండకుండా ఉండదు, వెతకండి.

కాపురాలగుట్ట
ఉంది. దాని మీద పడుకున్న పిల్లి కోసం తీశాను. ఇప్పుడు పెద్దది చేసి చూస్తే ఒర లోపలి అంచున వేలు పట్టేంత లోతు గాడులు వరుసగా కనిపిస్తున్నాయి.

పాలమూరు పాంథుడు
అవి చేంతాడు ఒరిపిడికి పడ్డ గాడులు. ఆ పిల్లిని కూడా ఉంచండి, పిల్లలు ఆగి చూస్తారు. కానీ అచ్చు వేసేటప్పుడు ఆ గాడులు స్పష్టంగా కనబడేట్టు కత్తిరించండి. మన ఊళ్లలో పాత చేదబావుల గట్ల మీద ఇవే గాడులు చూసినవాళ్లకు ఇక వివరణ అక్కర్లేదు.

దేవరకొండ కోట
ఒక్క నిమిషం ఆగండి. ఇది ఫొటోల ప్రదర్శనా, గ్రామీణ నీటి సరఫరా శాఖ వార్షిక నివేదికా? ఒక నగరానికి నీళ్లు ఎలా వచ్చాయన్నది తెలుసుకోదగ్గదే, కాదనను. అయితే ప్రతి ఫొటోనూ ఆ ఒక్క ప్రశ్నకే కట్టేస్తే, ఆయన తన కళ్లతో చూసిన మిగతా నగరం ఎక్కడికి పోవాలి? దుబ్రోవ్నిక్ ఎర్రపెంకుల ఫొటోను క్యాలెండరు బొమ్మ అన్నవాళ్లు దాన్ని సరిగ్గా చూడలేదని నా అభిప్రాయం. అందులో కొన్ని కప్పులు వాడిపోయిన గోధుమ రంగులో, కొన్ని మిరపపండు రంగులో ఉంటాయి. ఆ తేడా అందం కోసం వచ్చింది కాదు. యుగోస్లావియా విడిపోయేటప్పటి యుద్ధంలో, 1991 చివర్లో మొదలైన ముట్టడిలో పాత పట్టణంలోని కట్టడాల్లో దాదాపు మూడింట రెండు వంతులకు ఫిరంగి దెబ్బలు తగిలాయి. కొత్తగా కప్పిన పెంకులే ఆ ఎర్రవి. ఏది పాత పెంకో ఏది కొత్త పెంకో చెప్పే రెండు వాక్యాలు కింద రాస్తే, అదే ఫొటో ముందు మనిషి ఎంతసేపైనా నిలబడతాడు.

మిర్యాల మల్లి
దేవరకొండ గారి మాటలో న్యాయం ఉంది. అయినా నీళ్ల ప్రశ్నను అంత తేలిగ్గా పక్కకు నెట్టలేం. మా చెల్లెలు మాల్టాలో నర్సుగా పనిచేస్తోంది. ఆ దేశంలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటి కూడా లేదు. కుళాయిలో వచ్చే నీళ్లలో సగానికి పైగా సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసేసినవే. తను వెళ్లిన వారంలోనే ఫోను చేసి, "అక్కా, ఇక్కడి నీళ్లతో పప్పు మన రుచికి రావట్లేదు, తాగడానికి సీసాలు కొనుక్కుంటున్నా" అంది.

వాలెట్టా నగరానికి 1566లో పునాది వేసినప్పుడే, ఇల్లు కట్టుకునే ప్రతివాడూ వాననీరు పట్టే తొట్టి నేలలో తవ్వుకోవాలని నియమం పెట్టారు. జనం పెరిగి అవి చాలకపోయేసరికి, రబాత్ వైపు ఎత్తైన నేల మీది ఊటల నుంచి రాతి కాలువ కట్టి, 1615లో నగరానికి నీళ్లు తెచ్చారు. ఆ కాలువ కమానులు ఇప్పటికీ రోడ్డు పక్కన నిలబడే ఉన్నాయి. కాపురాలగుట్ట గారూ, బస్సు కిటికీలోంచైనా వాటిని తీసి ఉంటారు.

కాపురాలగుట్ట
తీశాను గానీ కిటికీ అద్దంలో నా ముఖం కూడా పడింది.

ఛాయాసోముడు
దాన్నే పెట్టండి. నల్లగొండ మనిషి ముఖం, మాల్టా నీటికాలువ, రెండూ ఒకే ఫొటోలో. డబ్బు పెట్టినా దొరకదు.

దేవరకొండ గారికి ఒక మాట. మీరు చెప్పిన దుబ్రోవ్నిక్‌లోనే, కోట గుమ్మం దాటి లోపల అడుగు పెట్టగానే ఎదురయ్యేది ఒనోఫ్రియో అనే ఇటలీ శిల్పి పేరు మీద ఉన్న గుండ్రటి జలాశయం. 1438లో దాదాపు 12 కిలోమీటర్ల దూరం నుంచి కాలువ తవ్వించి తెచ్చిన నీళ్లు అక్కడ పదహారు రాతి ముఖాల నోళ్లలోంచి పడేవి, ఇప్పటికీ పడుతున్నాయి. ముట్టడి రోజుల్లో నగరానికి నీళ్లూ కరెంటూ ఆగిపోయాయి. అంటే మీ ఎర్రపెంకుల కథ, మేనమామ గారి నీళ్ల కథ వేరువేరు కాదు. రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టవచ్చు.

దేవరకొండ కోట
పక్కపక్కన పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. పెంకుల ఫొటోనే పెద్దదిగా ఉండాలి, నా పట్టు అంతవరకే.

గద్వాల గడప
అందరూ అడ్రియాటిక్ సముద్రంలో మునిగితేలుతున్నారు గనుక అడుగుతున్నాను. గద్వాల పక్కన కృష్ణ రెండు పాయలుగా చీలిన చోట గుర్రంగడ్డ అనే దీవి ఉంది, దాని మీద ఊరు ఉంది, ఊళ్లో బడి ఉంది, పొలాలు ఉన్నాయి. మా దగ్గరి బంధువుల ఇల్లు అక్కడే. నది ఉరకలు వేసే వారాల్లో ఏరు దాటించే పుట్టి ఆగిపోతుంది, ఇవతలి వాళ్లు ఇవతల, అవతలి వాళ్లు అవతల. కాన్పులు దగ్గర పడ్డ ఆడవాళ్లను వరద ముందే ఇవతలి ఒడ్డున చుట్టాల ఇళ్లకు చేరుస్తారు. వెనిస్ కాలువలో పడవ నడిపేవాడి చారల చొక్కా మీదే అందరి కెమెరాలూ ఉంటాయి. ఇక్కడ పుట్టి తిప్పే మనిషి ఫొటో మన జిల్లాలో ఎంతమంది దగ్గర ఉందో చెప్పండి చూద్దాం.

నారాయణపేట నేత
నా దగ్గర ఉంది. గుర్రంగడ్డది కాదు, కురువపురానిది. మక్తల్ దాటి పంచదేవపాడు చేరితే ఎదురుగా నదిలో కనిపించే దీవి అది, రాయచూరు జిల్లా కిందికి వస్తుంది. శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రం కనుక గురువారాల్లో జనం ఎక్కువ. పుట్టి గుండ్రంగా ఉంటుంది గనుక దానికి ముందూ వెనకా ఉండవు. తెడ్డు ఒక పక్కన వేస్తే తిరుగుతుంది, రెండు పక్కలా మార్చి మార్చి వేస్తేనే సాగుతుంది. నది మధ్యలో ఫొటో తీయాలని లేచి నిలబడితే పుట్టి నడిపే పెద్దాయన, "సారూ, ఫొటో కావాల్నా, ఒడ్డు కావాల్నా?" అన్నాడు. మారుమాట్లాడకుండా కూర్చున్నాను. ఆ ఫొటో నా మోకాళ్ల ఎత్తు నుంచి తీసింది, నీళ్లు అంచుకు ఎంత దగ్గరగా ఉంటాయో అందులోనే తెలుస్తుంది.

కాపురాలగుట్ట
గద్వాల గారి ప్రశ్న సరైనదే గానీ, ప్రదర్శన నా ప్రయాణానికి సంబంధించింది. స్వదేశం, విదేశం కలిపి గోడ నింపితే ఏది ఎక్కడిదో చూసేవాళ్లకు అర్థం కాకుండా పోతుందేమోనని సందేహం.

సాగర్ లాంచీ
కలపవలసిందేనని నా అభిప్రాయం, అందుకు కారణం కూడా చెబుతాను. మీరు చూసి వచ్చిన చోట్ల దీవి ముందు ఉంది, నగరం తర్వాత వచ్చింది. నాగార్జునకొండలో నగరం ముందు ఉంది, దీవి తర్వాత వచ్చింది. ఈ తిరకాసు చూపించే ఫొటో ఒక్కటైనా లేకపోతే నల్లగొండలో పెట్టే ప్రదర్శనకు నల్లగొండ ముద్ర ఎక్కడిది?

క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో అక్కడి లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. మహాచైత్యం, విహారాలు, అశ్వమేధ యాగశాల, నది ఒడ్డున రాతి మెట్ల స్నానఘట్టం, మెట్లమెట్లుగా ఆసనాలు కట్టిన రంగస్థలం, అన్నీ ఆ లోయలోనే. సింహళ దేశపు భిక్షువుల పేరు మీద ఒక విహారం కూడా ఉండేదని అక్కడ దొరికిన శాసనంలో ఉంది. అంటే ఒక దీవి నుంచి వచ్చిన మనుషులు మన కృష్ణ ఒడ్డున కాపురం ఉన్నారన్నమాట. 1926లో ఆ శిథిలాలు బయటి ప్రపంచానికి తెలిశాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునుగుతుందని తెలిసే, 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విప్పి, కొన్నింటిని కొండ మీదికి, కొన్నింటిని ఒడ్డున అనుపుకు తరలించి మళ్లీ పేర్చారు. నీళ్లు నిండాక కొండ నెత్తి మాత్రం పైన మిగిలింది. మనం లాంచీ ఎక్కి వెళ్లి దీవి అంటున్నది ఆ నెత్తినే. ఈవలి ఒడ్డున మన ఏలేశ్వరం కూడా అలాగే మునిగింది.

లాంచీలో వెళ్లేటప్పుడు జనం అందరూ ముందుకు చూస్తూ దీవిని ఫొటో తీస్తారు. నేను కిందికి, అంటే నీళ్లనే తీస్తాను. ఏమీ ఉండదు ఆ ఫొటోలో, పచ్చటి నీళ్లు తప్ప. కింద రాజధాని ఉందని రాస్తే చాలు.

విశ్రాంత ఉపాధ్యాయుడు
నీళ్లను మాత్రమే చూపించే ఫొటో ముందు ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒక్క క్షణం కూడా ఆగడు, ఇది ముప్పై ఏళ్లు బడిలో ఉన్నవాడి మాట. ఆ ఫొటో పెట్టాలనుకుంటే పక్కన అనుపులో తిరిగి కట్టిన రంగస్థలం ఫొటో తప్పనిసరిగా ఉండాలి, అప్పుడే కింద ఏముండేదో ఊహకు అందుతుంది.

ఇక ఫొటోల కింద రాసే మాటల గురించి. ఊరి పేరు, నెల, ఏ దిక్కుకు తిరిగి తీశారు, ఈ మూడూ ఉండాలి. "అద్భుతం", "మనోహరం" వంటివి ఒక్కటీ ఉండరాదు. చూసేవాడికి బయటకు కనబడని సంగతి ఒకటి మాత్రం రాయాలి. ఉదాహరణకు, మన జిల్లా పేరు మీదే నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతి ఒకటి ఉంది. పటిక, సున్నం కలిపి, కలియబెట్టి, తేర్చి, వడకట్టే ఆ పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థవారు రూపొందించారు. "నల్లగొండ పద్ధతి" అన్న పేరుతోనే అది టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. ఉప్పు తీసి తాగే మాల్టా ఫొటో కింద, ఫ్లోరైడు తీసి తాగిన మన సంగతి ఒక వాక్యంలో రాస్తే, చూడవచ్చిన తండ్రి తన కొడుక్కు మిగతాది తానే చెప్పుకుంటాడు.

పాలమూరు పాంథుడు
ఉపాధ్యాయుల వారి చివరి సలహాను యథాతథంగా అమలు చేయాలి. ఇస్తాంబుల్ నేలమాళిగ జలాశయం ఫొటోలు కూడా తప్పక ఉండి ఉంటాయి గదా?

కాపురాలగుట్ట
ఉన్నాయి. చీకట్లో స్తంభాల వరుసలు, కింద నీళ్లలో వాటి నీడలు. స్తంభం కింద తలకిందులుగా పెట్టిన మెడూసా తల, అంటే గ్రీకు పురాణాల్లోని పాముల జుట్టు రాక్షసి తల, కూడా ఉంది. కానీ అక్కడికి వెళ్లిన ప్రతివాడూ తీసేది అదే.

ఛాయాసోముడు
ప్రతివాడూ తీసినా ఫరవాలేదు. 532 నాటి ఆ కట్టడంలో 336 స్తంభాలు ఉన్నాయి, చాలావరకు పాత కట్టడాల నుంచి ఊడదీసి తెచ్చినవే. అందుకే స్తంభాల పైకొసన ఉండే తలకట్లు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. మెడూసా తలలను కూడా స్తంభం ఎత్తు సరిపోవడానికి రాళ్లలాగే వాడుకున్నారన్నది ఎక్కువమంది చెప్పే మాట. తల ఉన్న ఫొటో వద్దు, పొంతన లేని రెండు తలకట్లు పక్కపక్కన కనిపించే ఫొటో ఉంటే అది పెట్టండి. నాకు ఇటువంటివి పానగల్లులో అలవాటే. ఛాయాసోమేశ్వరంలో అందరూ లింగం మీది నీడనే తీస్తారు, ఆ నీడకు కారణమైన స్తంభాలు ఎలా నిలబెట్టారో తీసేవాడు అరుదు.

దేవరకొండ కోట
ఛాయాసోముడు గారు ఏ ఊరికి తీసుకెళ్లినా చివరికి పానగల్లులోనే దింపుతారు.

మిర్యాల మల్లి
నీళ్లు, పెంకులు, స్తంభాలు అయ్యాయి. మనుషులేరి? నేను వెనిస్ చూడలేదు గానీ అక్కడి సంగతి చదువుతుంటాను. పాత నగరంలో కాపురం ఉండేవాళ్లు 50,000 కన్నా తగ్గిపోయారు. 2024లో కొన్ని ఎంచిన రోజుల్లో, పొద్దున వచ్చి సాయంత్రం పోయే యాత్రికుల దగ్గర 5 యూరోల ప్రవేశ రుసుము వసూలు చేయడం మొదలుపెట్టారు. కాలువ మీద వేసిన తాడుకు ఆరేసిన బట్టలు, కూరగాయలు అమ్మే పడవ, బడి సంచులతో వంతెన ఎక్కే పిల్లలు, ఇవి ఉంటేనే అది ఊరు. లేకపోతే ఖాళీ చేసిన పెళ్లి మంటపమే. అయితే పిల్లల ముఖాలు దగ్గరగా కనిపించే ఫొటోలు, పెద్దవాళ్లను అడగకుండా తీసినవైతే, గోడకు పెట్టవద్దని నా మనవి.

కాపురాలగుట్ట
బట్టల తాడు ఉంది. పిల్లలు వెనక నుంచి కనిపించేది ఒకటి ఉంది, ముఖాలు లేవు.

గద్వాల గడప
మనుషులు అన్నారు గనుక అలంపురం పేరు ఎత్తకుండా ఉండలేను. తొమ్మిది నవబ్రహ్మ ఆలయాలను చాళుక్యుల కాలపు శిల్పమని వచ్చినవాళ్లు చూసి పోతారు. శ్రీశైలం నీళ్లలో మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి అలంపురంలోనే మళ్లీ కట్టారన్నది అందులో ఎందరికి తెలుసు? గుడి తరలింది. ఊళ్లు మాత్రం ఎక్కడికక్కడ చెదిరిపోయాయి. మా తాతగారి తరం వాళ్లు ఇప్పటికీ ఊరి పేరు అడిగితే నీళ్లలో ఉన్న ఊరి పేరే చెబుతారు. సాగర్ లాంచీ గారు తీసిన ఉత్త నీళ్ల ఫొటో పిల్లలకు అర్థం కాదేమో గానీ, మా తాతలకు అర్థమవుతుంది.

సాగర్ లాంచీ
ఈ మాట నేను రాయవలసింది, గద్వాల గారు రాశారు.

విశ్రాంత ఉపాధ్యాయుడు
తాతలు కూడా చూడటానికి వస్తారంటే ఆ ఫొటో ఉండనివ్వండి. అనుపు రంగస్థలం మాత్రం వదలవద్దు.

కాపురాలగుట్ట
ఇంతవరకు తేలినదాన్ని బట్టి ఇలా అనుకుంటున్నాను. గుమ్మం దగ్గర వెనిస్ బావి ఒర, గాడులతో సహా. దాని పక్కన దుబ్రోవ్నిక్ పెంకులు పెద్దవిగా, జలాశయం చిన్నదిగా. మాల్టాలో నా ముఖంతో ఉన్న కాలువ కమానులు, కింద నల్లగొండ పద్ధతి వాక్యం. ఇస్తాంబుల్ నుంచి తలకట్లు. చివరి గోడ మన కృష్ణది. నారాయణపేట నేత గారు అనుమతిస్తే పుట్టి ఫొటో, సాగర్ లాంచీ గారు ఇస్తే నీళ్ల ఫొటో, తీసినవారి పేర్లతో పెడతాను. అనుపుకు నేనే ఒకసారి వెళ్లి వస్తాను. గుర్రంగడ్డకు గద్వాల గారు వెంట వస్తానంటే అటూ వెళ్తాను. సింహళ విహారం శాసనం పక్కన శ్రీలంక ఫొటో ఒకటి ఉంటే బాగుండేది, నేను వెళ్లలేదు.

నారాయణపేట నేత
పుట్టి ఫొటో తీసుకోండి. అందులో ఉన్న పెద్దాయనను ముందు నేను అడిగి చెబుతాను, మల్లి గారు చెప్పినట్టు.

మిర్యాల మల్లి
శ్రీలంకలోని గాలె కోట ఫొటోలు మా మరిది దగ్గర ఉన్నాయి. 2004 డిసెంబరు 26 సునామీలో బయటి కొత్త పట్టణం దెబ్బతిన్నా, డచ్చివాళ్లు బలపరిచిన ఆ కోటగోడలు లోపలి పాత పట్టణాన్ని చాలావరకు కాపాడాయి. గోడ మీది నుంచి ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ఇళ్ల కప్పులు వచ్చేట్టు తీసినది ఉంది. అడిగి పంపిస్తాను.

గద్వాల గడప
గుర్రంగడ్డకు వానాకాలం వద్దు. నీళ్లు తగ్గాక రండి, పుట్టి దాకా నేనుంటాను. దాటాక మా పెద్దమ్మ వరస ఆవిడ జొన్నరొట్టె పెట్టకుండా కెమెరా బయటకు తీయనివ్వదు.

సాగర్ లాంచీ
అనుపుకు పొద్దున్నే చేరుకోండి. మధ్యాహ్నం రంగస్థలం మెట్ల మీద నీడ పడదు, మెట్లన్నీ ఒకే పలకలా కనిపిస్తాయి. కొండకు వెళ్లే లాంచీ విజయపురి సౌత్ నుంచి బయలుదేరుతుంది. జనం చాలకపోయినా, గాలి ఎక్కువైనా కదలదు కనుక ముందురోజే విచారించుకోండి.

ఛాయాసోముడు
అచ్చు వేయించేటప్పుడు మెరిసే కాగితం వద్దు, మెరుపు లేనిది అడగండి. మన హాళ్లలో ట్యూబులైట్లు నేరుగా నెత్తి మీదే ఉంటాయి, మెరిసే కాగితం మీద బావి గాడులకు బదులు లైట్లే కనిపిస్తాయి.

దేవరకొండ కోట
నా దగ్గర పాత చెక్క ఫ్రేములు ఉన్నాయి, కొలతలు పంపితే సరిపోయేవి ఏరి పెడతాను. పెంకుల ఫొటో కొలత మొదట పంపండి.